అవ్వ కూటికి మాన్యం

అనుమసముద్రంపేట చుట్టుపక్కల పల్లెల్లో మాదొకటి. నెల్లూరు జిల్లా అనగానే వరిపొలాలూ పెన్న కాలువలూ తలచుకొనేవారికి మా పడమటి సీమ కొంత ఆశ్చర్యం కలిగిస్తుంది. ఇది మెట్ట. ఉదయగిరి కొండల వైపు వెళ్ళేకొద్దీ నేల రంగు మారుతుంది, మాట తీరు మారుతుంది, బావి లోతు పెరుగుతుంది. వాన పడితే పంట, పడకపోతే బెంగుళూరు బస్సు. వయసులో ఉన్నవాళ్ళు ఆ బస్సెక్కి వెళ్ళిపోగా వీధికి నలుగురైదుగురు ముసలివాళ్ళు మిగిలారు. వీరిలో పొయ్యి వెలిగించుకొనే ఓపిక కూడా లేనివారికి రోజుకొక పూట భోజనం పెట్టాలని ఊళ్ళో మిత్రులు కొందరు తలపెట్టారు. విరాళాలిచ్చే సంస్థ ఒకదానికి దరఖాస్తు పెడితే గిన్నెలకూ బియ్యానికీ ఒక ఏడాదికి సరిపడా డబ్బు రావచ్చునని ఎవరో చెప్పారట. నాలుగక్షరాలు వ్రాస్తాడన్న నేరానికి ఆ దరఖాస్తు నింపే పని నా మీద పడింది.

కాగితాలు చాలానే ఉన్నాయి గాని నన్ను పట్టుకొన్నవి మూడు గడులు. ఈ ప్రాంతంలో ఇటువంటి సేవకు పూర్వచరిత్ర ఏమిటి అన్నది మొదటిది. లబ్ధిదారుల వయసెంత, దానికి ఆధారమేమిటి అన్నది రెండవది. గ్రాంటు ముగిసిన తరువాత కార్యక్రమం ఎలా కొనసాగుతుంది అన్నది మూడవది. మొదటి గడి కోసం పుస్తకాలు తిరగేయడం మొదలుపెట్టినవాణ్ణి మూడవ గడి దగ్గర చిక్కుపడ్డాను. ఈ వ్యాసం ఆ చిక్కు గురించే.

మా వీధిలో ఒక అవ్వ ఉండేది. చుట్టరికం ఏమీ లేదు, ఊరందరికీ అవ్వే. భర్త పోయాడు, కొడుకు పైవూరికి పోయి ఎప్పటికో ఒకసారి వచ్చేవాడు. ఏ కాగితంలోనో ఆమె వయసు పది పన్నెండేళ్ళు తక్కువగా పడింది. దాన్ని సరిదిద్దించడానికి ఒక కార్యాలయం చుట్టూ తిరిగి తిరిగి, చివరికి తిరగడం మానేసింది. ప్రతి గురువారం మాత్రం క్రమం తప్పకుండా అనుమసముద్రంపేట దర్గాకు వెళ్ళేది. ఏదో మొక్కు ఉందని అనుకొనేవాళ్ళం. ఒకసారి నేనే అడిగాను. “మొక్కా పాడా, అక్కడ ఎవురో ఒకరు కూడు పెడతారు నాయనా. ఏంది మళ్ళా వచ్చావని అడిగేవాళ్ళు ఉండరు” అంది. ఆమె పోయి కొన్నేళ్ళయింది. రెండవ గడిలో ‘ఆధారం’ అన్న మాట చదివినప్పుడల్లా నాకు ఆ అవ్వే కనిపిస్తుంది.

కనుక దర్గాతోనే మొదలుపెడతాను. ఖాజా రహమతుల్లా నాయబ్ రసూల్ 18వ శతాబ్దికి చెందిన సూఫీ గురువు. ఆయన సమాధి చుట్టూ పెరిగిన పేట ఇది. అమ్మాజాన్ అని భక్తులు పిలుచుకొనే హబీబా ఖాతూన్ సమాధీ ఇక్కడిదే. ఏటా జరిగే గంధమహోత్సవానికి మన జిల్లాలవారే కాక తమిళనాడు, కర్ణాటకల నుంచి కూడా జనం వస్తారు. వచ్చేవారిలో హిందువులెందరో, ముస్లిములెందరో విడదీసి చెప్పడం కష్టం. జబ్బుపడినవారిని, మనసు చెదిరినవారిని తీసుకొచ్చి రాత్రుళ్ళు అక్కడే నిద్రచేయించడం పాత ఆనవాయితీ. మొక్కు తీర్చుకొన్నవారు అన్నం వండి పంచుతారు. ఆ పంపకానికి వరుసలో కూర్చున్నవారిలో సగంమంది తల నెరిసినవారే. వృద్ధాశ్రమం అని ఎక్కడా బోర్డు లేదు, వృద్ధుల కోసమని ఎవరూ సంకల్పం చెప్పుకోలేదు. అయినా వృద్ధులు అక్కడికి చేరుతున్నారు.

ఇది మన పాత దానాల స్వభావమేనేమోనని శాసనాలు చూస్తున్నప్పుడు నాకు తోచింది. గుంటూరు సీమలో, ఇప్పుడు అమరావతి రాజధాని ప్రాంతంలోకి వచ్చిన మందడం దగ్గర, మల్కాపురం శాసనం ఉంది. రుద్రమదేవి కాలంనాటిది, క్రీ.శ. 1261. విశ్వేశ్వర శివాచార్యుల గోళకీమఠానికి ఇచ్చిన గ్రామాల ఆదాయంతో ఏమేమి నడపాలో అందులో ఉంది: గుడి, మఠం, విద్యార్థుల పోషణ, ప్రసూతిశాల, ఆరోగ్యశాల, బ్రాహ్మణుడు మొదలుకొని చండాలుని వరకు వచ్చినవారందరికీ అన్నం. ఏడున్నర శతాబ్దాల కిందటి రాతిమీద ప్రసూతిశాల ఉండడం చూసి చరిత్రకారులు మురిసిపోవడం సహజమే. నేను వెతికింది వృద్ధులను. వారికంటూ ప్రత్యేకంగా ఒక శాల లేదు. పుట్టబోయేవారికి ఒకటుంది, రోగికి ఒకటుంది, చదువుకొనేవాడికి ఒకటుంది. వృద్ధులు ‘వచ్చినవారందరికీ’ అన్న మాటలో ఒదిగి ఉన్నారు. ఆ కాలపువారికి వృద్ధుల మీద దయ లేక కాదు. ముసలితనం ఇంటి వ్యవహారం, కొడుకు చూసుకొనే పని అని వారి నమ్మకం.

ఆ నమ్మకానికి సాక్ష్యం సప్తసంతానాలు. కొడుకు, నిధి, చెరువు, గుడి, వనం, కావ్యం, అగ్రహారం. మనిషి పోయాక కూడా అతని పేరు నిలబెట్టేవి ఈ ఏడు. వీటిలో కొడుకు ఒక్కడే ప్రాణమున్నవాడు, తల్లిదండ్రులు బ్రతికి ఉండగానే పనికిరావలసినవాడు. (ఇప్పుడు వాడు బెంగుళూరులో ఉన్నాడు.) తక్కినవాటిలో మా సీమ రాజులు ఎక్కువగా ఎంచుకొన్నది చెరువు. అనుమసముద్రం అన్న పేరులోని సముద్రం ఉప్పునీటిది కాదు. పెద్ద చెరువులను సముద్రాలు, సాగరాలు అనడం మనవారి అలవాటు, పక్కనే అనంతసాగరం ఉండనే ఉంది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు, భవదూరుడని మరో పేరు, ఉదయగిరి నుంచి పాలించేవాడు. కడపసీమలోని పోరుమామిళ్ళలో ఆయన త్రవ్వించిన చెరువు మీద క్రీ.శ. 1369 నాటి శాసనం ఉంది. వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ళ పని అని లెక్క కూడా వ్రాయించాడు. చెరువు ఎక్కడ త్రవ్వాలి, దానికి ఏ లక్షణాలుండాలి, ఏ దోషాలుండకూడదు అన్నవీ ఉన్నాయి. గ్రాంటు దరఖాస్తులు చదివి చదివి ఉన్న కళ్ళతో చూస్తే ఇది చక్కని పని నివేదిక.

చెరువు త్రవ్వడం ఒకనాటి పని, దాన్ని నిలబెట్టడం ఏటేటా పని. దానికి పూర్వులు కనిపెట్టిన ఉపాయం దశబంధం. చెరువు త్రవ్వినవాడికి, లేదా కట్ట మరమ్మతు చూసేవాడికి, ఆ చెరువు కింది ఆదాయంలో కొంత భాగమో, కొంత భూమో మాన్యంగా ఇచ్చేవారు. పదో వంతు అన్నది పేరులో ఉన్న లెక్క. కడప, నెల్లూరు, చిత్తూరు సీమల్లో ఈ మాన్యాలు విరివిగా ఉండేవి. కట్ట బాగుంటే చెరువు నిండుతుంది, చెరువు నిండితే మాన్యం పండుతుంది. పని చేస్తేనే ఫలం. మూడవ గడికి ఇంత చక్కని జవాబు నాకు మరెక్కడా దొరకలేదు. అయితే అన్నం పెట్టే పనికి ఈ ఉపాయం అంత సులువుగా అతకదు. ముసలివారు తిన్నా తినకపోయినా మాన్యం పండుతుంది కదా.

1801లో కర్ణాటక నవాబు రాజ్యం కంపెనీ చేతికి వచ్చినప్పుడు నెల్లూరు సీమ కూడా వచ్చింది. ఉదయగిరి కోటా దాని కింది గ్రామాలూ నవాబు బంధువుల జాగీరుగా మరికొంత కాలం నడిచి, 1839 ప్రాంతంలో జాగీరుదారు మీద కుట్ర అభియోగం రావడంతో కంపెనీ పరమయ్యాయి. ఇలా చేతులు మారిన నేలమీద గుళ్ళకు, దర్గాలకు, సత్రాలకు, చలిపందిళ్ళకు, పండితులకు, ఫకీర్లకు ఎవరెవరో ఎప్పుడెప్పుడో ఇచ్చిన ఇనాములు లెక్కకు మిక్కిలి. వాటిలో ఏది నిజం, ఏది కల్పితం, ఏది ఎవరి అనుభవంలో ఉంది అని తేల్చడానికి 1858లో మద్రాసు ప్రభుత్వం ఇనాం కమిషన్‌ను ఏర్పరచింది. టేలరు దొర కమిషనరు. ఊరూరా విచారించి తయారుచేసిన ఇనాం ఫెయిర్ రిజిస్టర్లు నేటికీ భూమి తగాదాల్లో కోర్టుకెక్కుతూనే ఉన్నాయి. మా జిల్లాలో పాత దస్తావేజులున్న ఏ ఇంట్లో అడిగినా ‘టి.డి. నంబరు’ అన్న మాట తెలుసు.

ఆ రిజిస్టరులో నాకు నచ్చిన గడి ఒకటి ఉంది. ఇనాం దేనికోసం ఇచ్చారు అన్న గడి. వ్యక్తులకిచ్చినవాటిని కొద్దిపాటి పన్నుకు ఒప్పించి వారి సొంతం చేశారు. దేవదాయం, ధర్మదాయం కింద వచ్చినవాటి సంగతి వేరు. ఆ సేవ నడిచినంత కాలం ఆ భూమి ఆ సేవదే అని ధ్రువపరిచారు. ధర్మదాయమంటే సత్రం, చలిపందిరి, అన్నదానం వంటివి. అంటే 1860ల నాటికే ప్రభుత్వం ఒక షరతు వ్రాసిపెట్టింది: పని ఆగితే మాన్యం ఆగుతుంది. ముస్లిముల వక్ఫ్‌లోనూ మూలసూత్రం దీనికి దగ్గరే. ఆస్తిని అమ్మరాదు, ఆదాయాన్ని ఉద్దేశించిన పనికే వాడాలి.

కాగితం మీద ఇంత కట్టుదిట్టంగా ఉన్నది నేలమీద ఎలా నడిచిందో పల్లెటూళ్ళలో పెరిగిన ఎవరికైనా తెలుసు. సత్రం పైకప్పు కూలిపోతుంది, సత్రం పొలం కౌలుకు నడుస్తుంది. చలిపందిరి ఏ తరంలో మానేశారో గుర్తుండదు, చలిపందిరి చేను అన్న పేరు మిగులుతుంది. 1956 నాటి ఆంధ్ర ఇనాముల రద్దు చట్టంతో భూములు రైత్వారీ పట్టాలుగా మారాయి. 1966, 1987 సంవత్సరాల దేవాదాయ, ధర్మాదాయ చట్టాలు వచ్చాయి. వక్ఫ్‌కు 1954లో ఒకటి, 1995లో ఒకటి చట్టాలు వచ్చాయి. ఇవన్నీ ఆస్తిని కాపాడడానికి చేసినవి, కొంతవరకు కాపాడాయి కూడా. వడ్డించే మనిషిని మాత్రం ఏ చట్టమూ పుట్టించలేకపోయింది.

భూమి కాక నగదుగా ఇచ్చిన దానాలూ ఉండేవి. వాటిలో నాకు కొత్తగా తెలిసిన మాట యౌమియా. అరబీలో ‘యౌమ్’ అంటే రోజు. నవాబుల కాలంలో ఫకీర్లకు, పెద్దలకు, వారి కుటుంబాలకు ఖజానా నుంచి దినబత్తెం కట్టేవారు. కంపెనీ రాజ్యం వచ్చాక వాటిని కొనసాగించారు గాని, ఎవరిది ఎంతవరకు అన్నది సర్కారు దయ. 1831 నాటి మద్రాసు నాలుగవ రెగ్యులేషను, ఇటువంటి భృతుల మీద సర్కారు అనుమతి లేకుండా సివిల్ కోర్టులు దావాలు విచారించకూడదంది. 1871 నాటి పింఛన్ల చట్టం అదే దారిలో నడిచింది. ఆపితే కోర్టుకు వెళ్ళే దారి లేదన్నమాట. ఇంకో కష్టం కూడా ఉంది. అంకె మారదు, బియ్యం ధర మారుతుంది. తాతకు పూటకూలైన డబ్బు మనవడికి తమలపాకులకు కూడా చాలదు.

ఇప్పటిదాకా చెప్పిన దానాలలో వృద్ధులు తమ పేరుతో కనిపించలేదు. సర్కారు జాబితాల్లో వారు విడిగా, ఒక వర్గంగా కనబడే చోటు కోసం నేను వెళ్ళవలసి వచ్చింది కరువు కాగితాలకు.

1876–78 నాటి ధాత కరువు మా జిల్లాను పీల్చివేసింది. 1871, 1881 జనాభా లెక్కలు పక్కపక్కన పెడితే చాలు. పదమూడు లక్షల పైచిలుకు ఉన్న జిల్లా పన్నెండు లక్షల చిల్లరకు దిగింది. పదేళ్ళలో పెరగవలసిన జనం తగ్గారు. కరువు పనులకు వచ్చినవారికి కూలి ఎంత ఇవ్వాలన్న దానిమీద 1877లో పెద్ద వివాదం నడిచింది. రిచర్డ్ టెంపుల్ రోజుకు ఒక పౌను ధాన్యం చాలునన్నాడు, అంటే అరకిలో కన్నా తక్కువ. మద్రాసు శానిటరీ కమిషనరు డాక్టర్ కార్నిష్ అది మనిషి నిలబడడానికి చాలదని ఎదిరించాడు. పని చేయగలిగినవాడి మాట ఇది. పలుగు ఎత్తలేని ముసలివాడి మాటేమిటి? ఆ అనుభవం నుంచి పుట్టిన కరువు నియమావళులలో, మద్రాసుది 1883 నాటిది, ఉచిత సహాయానికి అర్హులు ఎవరన్న పట్టిక వచ్చింది. అంధులు, వికలాంగులు, రోగులు, వయోభారం వల్ల పని చేయలేనివారు. గ్రామాధికారులు ఇల్లిల్లూ చూసి పేర్లు వ్రాసుకోవాలి.

నన్ను కొంచెం గుచ్చిన విషయం ఇదే. గౌరవించవలసిన పెద్దలుగా కాదు, పనికి పనికిరానివారి పట్టికలో ఒక వరుసగా వృద్ధులు మన సర్కారు కాగితాల్లోకి ప్రవేశించారు. అయినా ఆ వరుస లేకపోతే ఆ గంజి కూడా లేదు.

అదే కరువులో, ఇప్పుడు మనం గ్రాంటు అనుకొనే దానికి తాత వంటిది ఒకటి వచ్చింది. 1877 ఆగస్టులో మద్రాసు గవర్నరు బకింగ్‌హాం ప్రభువు విరాళాలకు విజ్ఞప్తి చేశాడు. లండను లార్డ్ మేయరు తన మాన్షన్ హౌస్‌లో నిధి తెరిచాడు. వైస్రాయి లిట్టన్‌కు ఈ వ్యవహారం మొదట రుచించలేదు. సర్కారు చేసే పనిలో ప్రైవేటు దాతలు వేలు పెట్టడం ఆయనకు చిన్నతనంగా తోచింది. చివరికి పని పంచుకొన్నారు: ప్రాణం నిలబెట్టడం సర్కారు వంతు, ఆపైన చేయగలిగింది దాతల వంతు. లక్షల రూపాయలు వచ్చాయి. జిల్లాల్లో స్థానిక కమిటీలు ఏర్పడ్డాయి. వాటి ద్వారా విత్తనాలకు, ఎద్దులకు, గుడ్డలకు, కూలిన ఇళ్ళకు పంచారు. ఇరవయ్యేళ్ళ తరువాత, 1897 కరువులో, ఆ పంపకాన్ని నాలుగు పనులుగా సూత్రీకరించారు. అనాథ బాలలు రెండవది, అడుక్కోలేని పరువుగల పేదలు మూడవది, సర్వం కోల్పోయినవారిని మళ్ళీ నిలబెట్టడం నాలుగవది. మొదటిది ఏమిటనుకొన్నారు? ముసలివారికి, అశక్తులకు, ఆసుపత్రిలోని రోగులకు, పిల్లలకు సర్కారు ఇచ్చే కనీసపు తిండికి తోడుగా కాస్త సుఖం. ఇంకొంచెం తిండి, ఒక గుడ్డ. ఆ ‘కాస్త సుఖం’ అన్న భావం నన్ను కదిలించింది. ముసలితనంలో మనిషి బ్రతకడానికి కావలసింది ఒకటి, బ్రతికినట్టు అనిపించడానికి కావలసింది ఇంకొకటి. దాత ఇవ్వదగినది ఈ రెండవది అని ఎవరో గుమాస్తా భాషలోనే అయినా గుర్తించారు.

కరువుకు పెట్టిన గంజి తొట్టి ఆ తరువాత ఏమవుతుంది? మద్రాసు రాయపురంలో దీనికొక ఉదాహరణ ఉంది. 1782లో, హైదరు దండయాత్ర నాటి కరువులో, మణియకారరు ఒకాయన గంజి పోయించిన చోటు మణియకారర్ సత్రమైంది, దొరల నోట మోనెగార్ చౌల్ట్రీ. 1799లో అక్కడే ఆసుపత్రి పెట్టారు. కంజితొట్టి ఆసుపత్రి అని జనం పిలిచిన అదే పెరిగి పెరిగి స్టాన్లీ ఆసుపత్రి అయింది. సత్రం మాత్రం ఆసుపత్రి నీడలో నిలిచిపోయింది. దాని పేరు పక్కన ఇంకో పేరు చేరింది, అది మా జిల్లా పేరే: వెంకటగిరి రాజావారి సత్రం. (వెంకటగిరి 2022 నుంచి తిరుపతి జిల్లాలోకి వెళ్ళింది. నేను పాత నెల్లూరు లెక్కలోనే మాట్లాడుతున్నాను.) గంజి కేంద్రంగా మొదలైన ఆ సత్రం క్రమేణా దిక్కులేని వృద్ధుల నివాసంగా మారింది. ఎవరూ అలా అనుకొని పెట్టలేదు. కరువు పోయాక పిల్లలు, పనివాళ్ళు ఇళ్ళకు వెళ్ళిపోతారు. వెళ్ళడానికి ఇల్లు లేనివారు మిగులుతారు, వారు సాధారణంగా ముసలివారే. రెండు శతాబ్దాలు దాటి ఆ సంస్థ నిలవడానికి కారణం ఒక్క రాజావారి దానమే అనలేం. ఎప్పటికప్పుడు ఎవరో ఒకరు బాధ్యత తీసుకోవడం, చందాలు రావడం, ఊరి నడిబొడ్డున ఉండడం వల్ల నలుగురి కన్నూ దానిమీద పడుతుండడం కూడా.

ఇక మన కాలం సంగతి అందరికీ తెలిసిందే, త్వరగా దాటిపోతాను. రాజ్యాంగం 41వ అధికరణం వృద్ధాప్యంలో ప్రజాసహాయం రాజ్యం పూనుకోవలసిన పని అంది, కాని దాన్ని ఆదేశిక సూత్రాలలో పెట్టింది. ఉత్తరప్రదేశ్ 1957లో వృద్ధాప్య పింఛను మొదలుపెట్టింది. మన రాష్ట్రం 1960 ప్రాంతంలో అందుకొంది. 1995 ఆగస్టు 15 నుంచి కేంద్రం నెలకు 75 రూపాయలు జత చేసింది. 2006లో అది 200 అయింది, ఎనభై దాటినవారికి తరువాత 500 అయింది. ఆ 200 అన్న అంకె 2025 నాటికి కూడా 200గానే ఉంది. యౌమియాల కథ చెప్పుకొన్నాం కదా. ఆ లోటు పూడ్చింది రాష్ట్రమే: 2014 అక్టోబరులో వెయ్యి, 2019 తొలి నెలల్లో రెండు వేలు, 2024 జనవరికి మూడు వేలు, అదే ఏడాది జూలై నుంచి నాలుగు వేలు. అర్హత వయసు 2019లో అరవైకి దిగింది. రాజకీయాలు ఏమైనా, నాలుగు వేలంటే మా పల్లెలో ముసలావిడ మాట ఇంట్లో చెల్లడం మొదలైందని నా కళ్ళతో చూశాను. ఆమె పేరు జాబితాలో ఉండాలి, అంతే.

పింఛను మనిషికి. మా మిత్రులు తలపెట్టినది వంటశాల, అంటే ఊరికి. దానికి సర్కారు దారి ఇంకొకటి. 1992లో కేంద్రం వృద్ధుల సమగ్ర కార్యక్రమం కింద స్వచ్ఛంద సంస్థలకు వృద్ధాశ్రమాలు, పగటి సంరక్షణ కేంద్రాలు నడపడానికి ఖర్చులో తొంభై శాతం దాకా గ్రాంటు ఇవ్వడం మొదలుపెట్టింది. 2021 నుంచి అది అటల్ వయో అభ్యుదయ యోజనలో భాగం. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం, జిల్లాకు కనీసం ఒక వృద్ధాశ్రమం, నూటయాభైమందికి సరిపడేది ఉండాలని చెప్పింది. ఈ పథకాల్లో తప్పుపట్టవలసిన దురుద్దేశం ఏమీ లేదు. కాని అన్నీ ఒక భవనాన్ని ఊహించుకొంటాయి. మా ముసలివాళ్ళకు ఇల్లుంది. ఇంట్లో పొయ్యి మాత్రమే వెలగడం లేదు. వాళ్ళు గడప దాటి ఆశ్రమానికి రారు. రమ్మనడం కూడా నాకు మర్యాదగా తోచదు.

మిత్రులతో ఈ మాటలన్నీ చెప్పాను. వాళ్ళలో ఒకాయన రిటైరైన మాస్టారు, చిన్నప్పుడు నాకు లెక్కలు చెప్పినవారు. ఓపికగా విని, “ఇంత దూరం పోయి చూశావు గదా అబ్బయా, పక్కనున్న దూబగుంటను చూడలేదేం?” అన్నారు.

నిజమే. కలిగిరి మండలం దూబగుంట. 1990ల మొదట్లో అక్షరాస్యత తరగతులకు వెళ్ళిన ఆడవాళ్ళు సారా పాటలను ఆపించిన ఊరు. ఆ మంట జిల్లా అంతా, తరువాత రాష్ట్రమంతా పాకింది, 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. దాని వెనుకే నెల్లూరు జిల్లాలో పొదుపు ఉద్యమం లేచింది. రోజుకొక రూపాయి. సారాకు పోయే డబ్బులోంచి ఇంటికొక రూపాయి పక్కన పెట్టి గుంపుగా దాచుకోవడం. తరువాత రాష్ట్రమంతటా వచ్చిన మహిళా సంఘాలకు ఈ జిల్లా పొదుపు లక్ష్మి ఒక మూలం. ఆ రూపాయి ఎవరో ఇచ్చిన గ్రాంటు కాదు. నవాబు ఖజానా నుంచి రోజుకింత దిగివచ్చిన యౌమియాను, గడప గడప నుంచి రోజుకింత పైకి వెళ్ళిన ఈ రూపాయిని పక్కపక్కన పెట్టి చూసుకొన్నాను. రెండూ దినబత్తేలే.

మాస్టారి సలహా మీద దరఖాస్తు మార్చాం. బియ్యానికి, వంటమనిషి జీతానికి సంస్థను డబ్బు అడగలేదు. అడిగింది పెద్ద గిన్నెలు, గ్యాసు పొయ్యి, ఇంటింటికీ చేరవేయడానికి క్యారియర్లు. ఒకసారి కొంటే పదేళ్ళుండేవి. బియ్యం వీధివీధినా పిడికెడు బియ్యంగా ఎత్తుతారు. వండే వంతులు మహిళా సంఘాలవి. మా నాన్నగారి పేర మాకున్న అరెకరం చేనును దీనికి మాన్యంగా వ్రాసిద్దామా అని నేను ఒక రాత్రి చాలాసేపు ఆలోచించాను. ఇనాం రిజిస్టర్ల చరిత్ర చదివినవాడు చేయదగిన పనేనా అది? చేను ఉంటుంది. యాభైయేళ్ళ తరువాత ‘అవ్వల చేను’ అన్న పేరూ ఉంటుంది. అన్నం ఉంటుందో లేదో. వ్రాసివ్వలేదు. కౌలు డబ్బు ఏటా సంక్రాంతికి కమిటీ చేతికిస్తానని, వంట ఆగిన ఏడాది ఇవ్వనని చెప్పాను. దశబంధం వంటిదే అనుకోండి. ఇది పిసినారితనమని ఒకరిద్దరు అనుకొన్నారు, ఆ మాట నా చెవిన పడింది కూడా.

రెండవ గడి దగ్గర వాదన జరిగింది. ఆధార్ కార్డు నకళ్ళు జతపరచాలని సంస్థవారి నిబంధన. ఊళ్ళో తిరిగి పేర్లు వ్రాసుకొంటే ముప్ఫైయొక్కమంది తేలారు. కార్డులో వయసు అరవై దాటినవారు ఇరవైయేడుగురే. మిగిలిన నలుగురిలో ఒకామె కార్డు ప్రకారం నాకన్నా చిన్నది. ఆమె మా అమ్మ పెళ్ళిలో పందిరి కింద వడ్డించిన మనిషి. నలుగురినీ తీసేసి పంపితే దరఖాస్తు శుభ్రంగా ఉంటుందని కమిటీలో ఒకరన్నారు. మాస్టారు ఒప్పుకోలేదు. చివరికి ఇరవైయేడుగురి పేర్లు సంస్థకు పంపే కాగితంలో ఉన్నాయి. ముప్ఫైయొక్కరి పేర్లు వంటింటి గోడకు తగిలించే పలక మీద ఉన్నాయి.

ఇక పూర్వచరిత్ర గడి. పది పంక్తులు మించరాదన్నారు కనుక అందులో పోరుమామిళ్ళ లేదు, టేలరు దొర లేడు, లార్డ్ మేయరు లేడు. అనుమసముద్రంపేట దర్గా దగ్గర తరతరాలుగా వచ్చినవారికి అన్నం పెడుతున్నారని, మా ఊరి వృద్ధులు కొందరు గురువారాలు అక్కడికి వెళ్ళేవారని, నడవలేనివారికి ఆ పూట కూడా లేదని వ్రాశాను. నాలుగు వాక్యాలు పట్టింది. గడిలో మిగిలిన చోటు ఖాళీగానే ఉంచి, కింద మాస్టారు సంతకం పెట్టించి, ఆత్మకూరు వెళ్ళే కుర్రాడి చేతికి కవరిచ్చాను.